లాన్‌ఊర్టిడ్ వెల్స్ ఉత్సవాలు

వేల్స్‌లోని పోవిస్ కౌంటీలో, ఇర్వాన్ నది ఒడ్డున ఉన్న చిన్న సంత పట్టణం లాన్‌ఊర్టిడ్ వెల్స్. ఒకప్పుడు గంధకపు నీటి ఊటలకు ప్రసిద్ధి. ఇప్పుడు పేరంతా వింత పోటీలదే. మనిషికీ గుర్రానికీ మధ్య పరుగు పందెం 1980లో మొదలైంది. కొండదారుల్లో మనిషి గుర్రాన్ని ఓడించగలడా అని పబ్బులో రేగిన వాదమే దానికి మూలం. దూరం సుమారు 35 కిలోమీటర్లు. ఇరవై నాలుగేళ్లు పరుగెత్తే మనిషెవరూ గుర్రాలను ఓడించలేకపోయారు. 2004లో హ్యూ లాబ్ తొలిసారి వాటిని దాటి, పేరుకుపోయిన 25,000 పౌండ్ల బహుమతి అందుకున్నాడు.

చూసి తీరాల్సింది మాత్రం బురద ఈత. నల్లటి బురదనేలలో తవ్విన 55 మీటర్ల కాలువలో, మూతికి ఊపిరి పీల్చే గొట్టం, కాళ్లకు రబ్బరు రెక్కలు తగిలించుకుని ఒకసారి వెళ్లి రావాలి. చేతులతో మామూలు ఈత కుదరదు, కాళ్ల బలమే ఆధారం. ఈ ప్రపంచ పోటీ ఏటా ఆగస్టు చివర్లో జరుగుతుంది.