అద్దె ఇంటి ప్రమాదాలు - యజమాని చట్టబాధ్యత

అద్దెకు ఇచ్చిన ఇల్లు, అంగడి, గోదాము లేదా వాటి ఆవరణలోని లోపం వలన ఎవరికైనా గాయమో మరణమో సంభవించినప్పుడు ఆ ఆస్తి యజమాని చట్టరీత్యా వహించవలసిన బాధ్యతను ఈ వ్యాసం వివరిస్తుంది. చిత్తూరు జిల్లాలోని గంగవరం, పలమనేరు ప్రాంతంలో అద్దెను బాడుగ అంటారు. నెలనెలా బాడుగ తీసుకొనే పద్ధతితో పాటు, ఒకేసారి పెద్ద మొత్తం తీసుకొని ఇల్లు అప్పగించే భోగ్యం పద్ధతి కూడా ఇక్కడ ఉన్నది. ఏ పద్ధతిలో ఇచ్చినా తాళంచెవితో పాటు బాధ్యత కూడా అద్దెదారునికి పోతుందని చాలామంది నమ్ముతారు. ఇది పొరపాటు. కూలిన భాగం ఎవరి అధీనంలో ఉన్నది, లోపం సంగతి ఎవరికి తెలుసు, గాయపడినది ఎవరు అనే మూడు ప్రశ్నలను బట్టి బాధ్యత నిర్ణయమవుతుంది.

చట్టం

భారతదేశంలో ఈ విషయానికై ప్రత్యేకంగా ఒక చట్టం లేదు. ఇంగ్లాండులో 1957లో ఆవరణ స్వాధీనదారుల బాధ్యత గురించి, 1972లో లోపభూయిష్టమైన కట్టడాల గురించి చట్టాలు చేశారు. మన న్యాయస్థానాలు పాత ఆంగ్ల న్యాయసూత్రాలను, ఇక్కడి చట్టాలను కలిపి చూస్తాయి.

వీటిలో ముఖ్యమైనది 1882 నాటి ఆస్తి బదిలీ చట్టంలోని 108వ సెక్షను. యజమానికి తెలిసి, అద్దెదారు మామూలు జాగ్రత్తతో చూసినా కనిపెట్టలేని ముఖ్యమైన లోపం ఏదైనా ఉంటే దానిని యజమాని ముందుగానే చెప్పవలెను. సున్నం వేసి మూసిన గోడ పగులు, పుచ్చిన దూలం ఇటువంటివి. పిట్టగోడ లేని మిద్దె అందరికీ కనబడేదే కనుక అది వేరు సంగతి. (పిట్టగోడ లేదని బాడుగ తగ్గించమని అడిగేవారే గాని, పిట్టగోడ కట్టించమని అడిగేవారు అరుదు.) యజమాని చేయించవలసిన మరమ్మతును నోటీసు ఇచ్చినా చేయించనిచో, అద్దెదారే చేయించి ఆ ఖర్చును అద్దెలో మినహాయించుకోవచ్చును. అద్దెదారు కూడా ఇంటిని మంచి స్థితిలో ఉంచవలెను. ఈ నియమాలన్నీ వేరే ఒప్పందం గాని స్థానిక ఆచారం గాని లేనప్పుడే వర్తిస్తాయి.

ఆంధ్రప్రదేశ్ 1960 నాటి అద్దె నియంత్రణ చట్టంలో అద్దె మొత్తం, ఖాళీ చేయించుట అనే విషయాలకే ప్రాధాన్యం ఉండేది. 2021లో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన నమూనా అద్దె చట్టం మరమ్మతులను పంచి చూపింది. కట్టడపు మరమ్మతులు, నీటి గొట్టాల మార్పిడి, విద్యుత్ తీగలు యజమానివి. కుళాయిలు, స్విచ్చులు, కాలువ శుభ్రం అద్దెదారువి. నమూనా తనంతట తాను ఏ రాష్ట్రంలోనూ అమలు కాదు గాని, ఒప్పందం వ్రాసుకొనేవారికి మంచి ఆధారం.

ముఖ్యమైన తీర్పులు

ఢిల్లీ చాందినీ చౌక్‌లోని గడియార స్తంభం 1951లో కూలి కొందరు మరణించారు. స్తంభం ఢిల్లీ నగరపాలక సంస్థది. కట్టి సుమారు 80 సంవత్సరాలు అయినది. అటువంటి కట్టడపు ఆయువు 40, 45 సంవత్సరాలేనని సాక్ష్యం వచ్చింది. బాటకు ఆనుకొని ఉన్న కట్టడాన్ని ప్రమాదం లేకుండా కాపాడుట యజమాని విధి అనీ, లోపం తనకు తెలియదనుట సమాధానం కాదనీ సుప్రీంకోర్టు 1966లో సుభగవంతి కేసులో తీర్పు చెప్పింది. ఇటువంటి కట్టడం కూలుటే అజాగ్రత్తకు సాక్ష్యమని కూడా చెప్పింది. పాత ఇళ్ళ యజమానులందరూ తెలుసుకోవలసిన తీర్పు ఇది.

మధ్యప్రదేశ్ హైకోర్టు నిర్ణయించిన కల్లూలాల్ కేసు (1958) మన ప్రాంతానికి మరింత దగ్గరగా ఉంటుంది. వానకు గోడ కూలి ఇద్దరు పిల్లలు చనిపోయారు. ఇది దైవఘటన అని యజమాని వాదించాడు. ఆనాడు కురిసినది 2.66 అంగుళాలు. వానాకాలంలో అంత వాన ఊహించదగినదేనని న్యాయస్థానం ఆ వాదాన్ని త్రోసిపుచ్చింది.

అద్దెదారునికే గాయమైనప్పుడు మాత్రం వాదన కష్టతరం. 1906లో ఇంగ్లాండు ప్రభువుల సభ కవాలియర్ కేసులో, వంటగది నేల చెడిపోయి గాయపడిన అద్దెదారు భార్యకు యజమాని నుండి పరిహారం రాదని నిర్ణయించింది. ఒప్పందం భర్తతోనే గాని ఆమెతో కాదని కారణం. ఆ దేశంలో తరువాతి చట్టాలు ఈ కాఠిన్యాన్ని చాలావరకు సడలించాయి.

స్థానిక పరిస్థితులు

రాయలసీమలో రాతి గోడలపై మట్టి కప్పు వేసిన పాత మిద్దెలు ఇంకా ఉన్నాయి. నాలుగు రోజులు ముసురు పట్టితే కప్పు నాని బరువెక్కుతుంది. 2021 నవంబరు వానలలో అనంతపురం జిల్లా (2022 నుండి శ్రీ సత్యసాయి జిల్లా) కదిరిలో, నిర్మాణంలో ఉన్న భవనం ప్రక్క ఇళ్ళపై కూలి పిల్లలతో సహా పలువురు మరణించారు. ప్రక్కవానికి ఏ ఒప్పందంతోనూ సంబంధం ఉండదు. ఇటువంటి సందర్భాలలో చట్టం యజమానిపై మరింత కఠినంగా ఉంటుంది.

మూతలేని నీటి సంపు, ఎర్తు లేని బోరు మోటారు, చేయి పట్టుకొనుటకు ఆధారం లేని మెట్లు కూడా తరచు ప్రమాదాలకు కారణాలే. నాలుగు వాటాలకు ఉమ్మడిగా ఉన్న మెట్లు, సంపు, మోటారు ఏ ఒక్క అద్దెదారు అధీనంలోనూ ఉండవు. కావున వాటి బాధ్యత యజమానిదే.

పడిపోయేటట్లున్న కట్టడంపై సబ్ డివిజనల్ మేజిస్ట్రేటుకు అర్జీ పెట్టవచ్చును. భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 152వ సెక్షను (పూర్వం క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 133) ప్రకారం దానిని బాగుచేయమనో తొలగించమనో ఆయన ఉత్తరువు ఇవ్వగలడు. పలమనేరులో రెవెన్యూ డివిజను 2022లో ఏర్పడినది.

క్రిమినల్ బాధ్యత

నిర్లక్ష్యం వలన మరణం సంభవించిన కేసులలో ఇండియన్ పీనల్ కోడ్ 304-ఎ క్రింద గరిష్ఠ శిక్ష రెండేళ్ళు ఉండేది. 2024 జూలై 1 నుండి అమలైన భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షను దానిని ఐదేళ్ళు చేసింది. ఇల్లు పడగొట్టేటప్పుడు, మరమ్మతు చేసేటప్పుడు తగు జాగ్రత్త తీసుకోకపోవుట 290వ సెక్షను క్రింద వేరే నేరం. పని మేస్త్రీకి గుత్తకు ఇచ్చినంత మాత్రాన యజమాని ఎల్లప్పుడూ తప్పించుకోలేడు.

2023 నవంబరు 13న హైదరాబాదు నాంపల్లి బజార్‌ఘాట్‌లో నివాస భవనపు క్రింది అంతస్తులో రసాయనాల డ్రమ్ములు నిల్వ ఉండగా మంటలు రేగి 9 మంది మరణించారు. భవన యజమానిపై కేసు నమోదైనది. పై అంతస్తులలో కుటుంబాలకు ఇళ్ళు ఇచ్చి క్రింది భాగాన్ని గోదాముగా వాడుట చిన్న పట్టణాలలోనూ కనిపిస్తుంది.

ఒప్పందపత్రం, పరిహారం

సంవత్సరానికి మించిన లీజును రిజిస్టరు చేయవలసి ఉన్నందున 11 నెలల పత్రాలు వ్రాసుకొనుట వాడుక. వాటిలో "ఏ ప్రమాదం జరిగినా యజమానికి సంబంధం లేదు" అని వ్రాస్తుంటారు. అది ఇద్దరి మధ్య కొంతమేర పనికిరావచ్చును. బాటసారిని, ప్రక్కింటివారిని, పోలీసులను అది బంధించదు. దానికంటె ఇల్లు అప్పగించిన రోజున గోడలు, తీగల స్థితిని వ్రాసుకొని ఇద్దరూ సంతకాలు చేయుట ఇరువురికీ మేలు. మరమ్మతు కోరిక నోటితో గాక కాగితంపై, తేదీతో ఉండవలెను.

మరణించినవారి కుటుంబం 1855 నాటి ప్రాణాంతక ప్రమాదాల చట్టం క్రింద సివిల్ దావా వేయవచ్చును. గడువు మరణించిన నాటి నుండి రెండేళ్ళు. క్రిమినల్ కేసు తేలిన తరువాత చూద్దామని కూర్చొని ఈ గడువు పోగొట్టుకొనే ప్రమాదం ఉన్నది. స్త్రీలకు, పిల్లలకు, షెడ్యూల్డు కులాల, తెగలవారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా 1987 నాటి న్యాయసేవాధికార సంస్థల చట్టం క్రింద ఉచితంగా న్యాయవాది సహాయం లభిస్తుంది. ఇందుకు మండల న్యాయసేవా సంఘానికి దరఖాస్తు చేసుకోవలెను.