బందీ ఇంటిదారి: మెదడు కడిగిన హంతకుడి కథ, దాని వెనుక చరిత్ర

మనిషి ఉన్నట్టుండి మారిపోతే తెలుగు ఊళ్లలో వినబడే మాట ఒకటుంది: 'వాడికెవరో మందు పెట్టారు.' ఆ ఒక్క మాటతో మారినవాడి మీది తప్పు తొలగిపోతుంది, మందు పెట్టిన చెయ్యి కోసం వెతుకులాట మొదలవుతుంది. 1950లలో అమెరికాకి తన సైనికుల గురించి సరిగ్గా ఇలాంటి మాటే అవసరమైంది. దొరికిన మాట 'బ్రెయిన్‌వాషింగ్'.

ఆ మాట కన్న కథల్లో అన్నిటికన్నా గట్టిగా నాటుకున్నది బందీ హంతకుడయ్యే కథ. శత్రు సేనాని బందీల మనసు తుడిచి, అందులో తన ఆజ్ఞ రాసి, ఏమీ ఎరగనట్టు ఇంటికి పంపిస్తాడు. సంకేతం అందగానే వాళ్లు ప్రాణం తీస్తారు. రిచర్డ్ కాండన్ 1959లో రాసిన 'ది మంచూరియన్ కాండిడేట్' నవల, జాన్ ఫ్రాంకెన్‌హైమర్ 1962లో దాని ఆధారంగా తీసిన సినిమా ఈ కథకి స్థిరమైన రూపం ఇచ్చాయి. కొరియాలో పట్టుబడి తిరిగొచ్చిన రేమండ్ షా, పేకలో డైమన్ రాణి కంటబడగానే ఎవరేం చెప్తే అది చేసే మరబొమ్మ అయిపోతాడు. 2004లో జొనాథన్ డెమీ మళ్లీ తీసినప్పుడు కొరియా పోయి గల్ఫ్ యుద్ధం వచ్చింది, కమ్యూనిస్టుల చోట ఒక పెద్ద కంపెనీ చేరింది. మరబొమ్మ మాత్రం అలాగే ఉంది.

ఈ కథని మూడు చోట్ల చరిత్ర పక్కన నిలబెట్టి చూడటం ఈ వ్యాసం పని: కొరియా యుద్ధఖైదీల చెరలు, సీఐఏ ప్రయోగాలు, ఉత్తర యుగాండా అడవులు. మూడింటినీ కలిపి చదివితే తేలేది ఒకటి. మనసుని పలకలా తుడిచే విద్య ఎవరికీ చిక్కలేదు. చెరపట్టినవాళ్లు బాగా నేర్చింది వేరే పని: బందీ ఇంటికి తిరిగి వెళ్లే దారిని మూసెయ్యడం.

ఒక మాట పుట్టుక

'బ్రెయిన్‌వాషింగ్' అనే మాటని ఇంగ్లీషు పాఠకుల ముందుకు తెచ్చినవాడు ఎడ్వర్డ్ హంటర్ అనే అమెరికన్ పాత్రికేయుడు. 1950 సెప్టెంబరులో 'మయామీ న్యూస్'లో రాసిన వ్యాసంలో, మరుసటి ఏడాది వేసిన పుస్తకంలో దాన్ని వాడాడు. చైనీస్ వాడుకలోని 'షీ నావ్', అంటే మెదడు కడగడం, దీనికి మూలం. చైనా ప్రభుత్వం మాత్రం తాను చేస్తున్నదాన్ని 'ఆలోచనల సంస్కరణ' అనేది. సంస్కరణ అన్నప్పుడు బోధన, ఒత్తిడి, సామూహిక విమర్శ గుర్తొస్తాయి. కడగడం అన్నప్పుడు అంతకుముందున్నది మొత్తం పోయిందన్న భావన వస్తుంది. కథకులకి ఈ రెండోదే నచ్చింది.

కొరియా యుద్ధంలో సుమారు 7,000 మంది అమెరికన్లు బందీలయ్యారు. వాళ్లలో 2,700 మంది దాకా చెరలోనే చనిపోయారు, ఎక్కువమంది 1950-51 చలికాలంలో ఆకలికి, జబ్బులకి. యుద్ధం ముగిశాక స్వదేశం వెళ్లబోమన్నవాళ్లు చివరికి 21 మంది. అమెరికా పత్రికలు మరణాల కన్నా ఈ 21 మంది గురించే ఎక్కువ కలవరపడ్డాయి.

కర్నల్ ష్వేబుల్ ఒప్పుకోలు

అమెరికన్ మెరైన్ దళానికి చెందిన కర్నల్ ఫ్రాంక్ ష్వేబుల్ విమానం 1952 జులైలో కొరియాలో కూలి, ఆయన బందీ అయ్యాడు. నెలల తర్వాత ఆయన గొంతుతోనే ఒప్పుకోలు వెలువడింది: అమెరికా కొరియా మీద సూక్ష్మక్రిములతో యుద్ధం చేస్తోందని. ఆయనతో పాటు పదుల సంఖ్యలో వైమానికులు ఇలాంటివే రాసిచ్చారు. విడుదలయ్యాక అవన్నీ అబద్ధాలని చెప్పారు. 1954లో ష్వేబుల్ మీద విచారణ జరిగింది. శిక్షేమీ వెయ్యలేదు గానీ, మళ్లీ సేనని నడిపే బాధ్యత అప్పగించదగ్గ అధికారి కాదన్నట్టుగా ముగించారు. ఆయన ధైర్యానికి మచ్చ పడింది.

ఆ విచారణలో ష్వేబుల్ వర్ణించిన చెరలో హిప్నాటిజం లేదు, మందులు లేవు. చలి, మురికి, ఒంటరితనం, అలుపెరగకుండా అడిగినదే అడిగే విచారణాధికారులు ఉన్నారు. మాటలు తనవే, వాటి వెనక ఆలోచన మాత్రం వాళ్లదని ఆయన చెప్పుకున్నాడు.

అమెరికన్ వైమానిక దళం కోసం ఈ ఖైదీల అనుభవాలని పరిశీలించిన సమాజశాస్త్రవేత్త ఆల్బర్ట్ బిడర్‌మన్ 1957లో ఫలితాలు ప్రచురించాడు. ఆయన చూసిన పద్ధతులు ఎనిమిది: ఒంటరిగా ఉంచడం, ధ్యాసంతా తమ మీదే ఉండేలా చెయ్యడం, ఒంటిని నీరసింపజెయ్యడం, బెదిరించడం, అప్పుడప్పుడు చిన్న దయ చూపడం, తమకి చేతకానిది లేదని నమ్మించడం, అవమానించడం, పనికిమాలిన నియమాలు పాటింపజెయ్యడం. వీటిలో కొత్తదేదీ లేదని, పాత పోలీసు కొట్లలో వాడినవేనని ఆయన తేల్చాడు. ఇవి పుట్టించేది ఒప్పుకోలుని, అందులోనూ అబద్ధపు ఒప్పుకోలుని. నమ్మకాన్ని గానీ, హంతకుణ్ని గానీ పుట్టించిన దాఖలా ఆయనకి కనబడలేదు.

అదే కాలంలో హాంకాంగ్‌లో మనోవైద్యుడు రాబర్ట్ జే లిఫ్టన్, చైనా నుంచి బయటపడిన 40 మందితో మాట్లాడాడు. వాళ్లలో 25 మంది పాశ్చాత్యులు, 15 మంది చైనీయులు. 1961లో వచ్చిన ఆయన పుస్తకంలోనూ, అదే ఏడాది ఎడ్గర్ షైన్ తెచ్చిన పుస్తకంలోనూ కనబడే బందీలు మరబొమ్మలు కారు. తడబడుతూ, బేరమాడుతూ, కొంత నమ్ముతూ, కొంత నటిస్తూ బతికిన మనుషులు. చెర దాటగానే ఎక్కువమందిలో ఆ పట్టు సడలుతూ వచ్చింది. చుట్టూ ఉన్న మనుషులు మారితే మనసు మళ్లీ మారుతుందన్నది ఆ పరిశోధనల సారం.

భారత సేన చూసింది

ఈ చరిత్రలో భారత సైనికులకి నేరుగా భాగం ఉంది. స్వదేశం వద్దన్న ఖైదీల సంగతి తేల్చడానికి అయిదు తటస్థ దేశాలతో కమిషన్ ఏర్పడితే, దానికి అధ్యక్షుడు లెఫ్టినెంట్ జనరల్ కె.ఎస్. తిమ్మయ్య. ఖైదీలకి కాపలా మేజర్ జనరల్ ఎస్.పి.పి. థోరట్ నడిపిన భారత సంరక్షక దళం. 1953 శరత్కాలంలో పాన్‌మున్‌జోమ్ దగ్గర వాళ్ల చేతికి అందిన ఖైదీల లెక్క గమనించదగ్గది: అమెరికన్ల పక్షం అప్పగించినవాళ్లు 22,604 మంది చైనీయులు, ఉత్తర కొరియన్లు, కమ్యూనిస్టు పక్షం అప్పగించినవాళ్లు 359 మంది.

మొదటి గుంపులోని ఎంతోమంది చైనీయుల ఒంటి మీద కమ్యూనిస్టు వ్యతిరేక నినాదాల పచ్చబొట్లు ఉన్నాయి. కొందరు కోరి పొడిపించుకున్నారు. కొందరిని తోటి ఖైదీ నాయకులు పట్టి పొడిచారు. ఎలా పడినా దాని ఫలితం ఒకటే. ఆ చర్మంతో చైనాలోని సొంత ఊళ్లో అడుగుపెట్టడం ఎలా? మనసులో ఏముందో పచ్చబొట్టుకి అక్కర్లేదు, దారి మూస్తే చాలు.

డేరాల్లో పెత్తనం ఆ నాయకులదే. లోపల హత్యలూ జరిగాయి. తిరిగి రమ్మని స్వదేశపు ప్రతినిధులు నచ్చజెప్పడానికి 90 రోజుల గడువు పెట్టుకుంటే, ఆ పని నిజంగా సాగింది పదిరోజులే. ఇల్లు చేరాలనుకున్న ఖైదీ ప్రాణభయంతో, చాటుమాటుగానే ఆ మాట బయటపెట్టగలిగాడని కమిషన్‌లో భారత్ ఉన్న మెజారిటీ పక్షం తన నివేదికలో రాసింది. ఎనభై మందికి పైగా ఖైదీలు రెండు పక్షాలూ వద్దని భారత సేనతో కలిసి మన దేశానికే వచ్చేశారు.

అటు ఇంటికొస్తామన్న అమెరికన్ల సంగతీ చూడాలి. మొదట ఉండిపోతామన్నవాళ్లు 23 మంది. వాళ్లలో ఇద్దరు మనసు మార్చుకుని వెనక్కి వస్తే, సొంత సైన్యమే కోర్టు మార్షల్ చేసి జైల్లో వేసింది. మిగిలిన 21 మందినీ అవమానకరంగా సైన్యం నుంచి తొలగించారు. కమ్యూనిస్టులు మందు పెట్టారని ప్రచారం చేసిన దేశమే, మందు తిన్నాడనుకున్నవాణ్ని దోషిగా నిలబెట్టింది. ఇంటిదారి అటునుంచీ మూసుకుంది.

సీఐఏ వెతికిన తాళంచెవి

శత్రువు దగ్గర ఆ విద్య ఉందన్న భయం, తామూ నేర్వాలన్న కోరికగా మారింది. 1953 ఏప్రిల్‌లో సీఐఏ అధిపతి ఆలెన్ డల్లెస్ 'ఎంకే-అల్ట్రా' పథకానికి అనుమతిచ్చాడు. రసాయనశాస్త్రవేత్త సిడ్నీ గాట్లీబ్ దాన్ని నడిపాడు. ఎల్ఎస్‌డీ, హిప్నాటిజం, విద్యుత్ షాకులు అన్నీ ప్రయత్నించారు, తెలియకుండా మందు తిన్నవాళ్ల మీద కూడా. మాంట్రియల్‌లో మనోవైద్యుడు యూవెన్ కామెరన్ తన రోగులకి మందులతో, షాకులతో జ్ఞాపకాలు చెరిపి, టేపు మీద ఒకే మాట వేలసార్లు వినిపించాడు. అక్కడి నుంచి కొత్త మనుషులు రాలేదు. జ్ఞాపకం చెదిరి, జీవితం ముక్కలైన రోగులు వచ్చారు.

అంతకుముందే మొదలైన 'ఆర్టిచోక్' పథకంలో, ఒక మనిషి చేత అతని ప్రమేయం లేకుండానే హత్యాయత్నం చేయించగలమా అని 1954 జనవరి నాటి సీఐఏ పత్రం ఒకటి సూటిగా అడుగుతుంది. ఆ సందర్భంలో జవాబు బహుశా కుదరదనే. ఎంకే-అల్ట్రా దస్త్రాలని 1973లో సంస్థ అధిపతి రిచర్డ్ హెల్మ్స్ తగలబెట్టించాడు. లెక్కల విభాగంలో మిగిలిపోయిన సుమారు 20,000 పేజీలు 1977లో బయటపడి సెనేట్ విచారణకి దారితీశాయి. ఇంకో మలుపు 2002లో: గ్వాంటనామోలో విచారణాధికారులకి ఇచ్చిన శిక్షణలో, అబద్ధపు ఒప్పుకోళ్లు ఎలా పుడతాయో చూపే బిడర్‌మన్ పట్టికనే పాఠంగా వాడారు.

అచోలీ పిల్లలు

బందీలని నిజంగానే హంతకులుగా మార్చిన చోటికి వస్తే, అక్కడ ప్రయోగశాల లేదు. ఉత్తర యుగాండాలో 1980ల చివర జోసెఫ్ కోనీ నిలబెట్టిన 'లార్డ్స్ రెసిస్టెన్స్ ఆర్మీ' ఊళ్ల మీద పడి వేలమంది పిల్లల్ని ఎత్తుకెళ్లింది. 1996 అక్టోబరులో అబోకే బడి నుంచి 139 మంది ఆడపిల్లల్ని తీసుకుపోతే, ఆ బడిలోని సన్యాసిని సిస్టర్ రాకెలె ఫస్సేరా అడవిలోకి వెంటబడి 109 మందిని విడిపించుకొచ్చింది. 30 మందిని వాళ్లు వదల్లేదు.

పిల్లల్ని మార్చిన పద్ధతి కడగడానికి సరిగ్గా వ్యతిరేకం. పారిపోబోయి దొరికిన పిల్లవాణ్ని తోటి పిల్లల చేతే కొట్టించి చంపించేవాళ్లు. ఒక్కోసారి సొంత ఊరివాళ్ల మీదే చెయ్యి వేయించేవాళ్లు. ఆ జ్ఞాపకం చెరిగిపోతే వాళ్ల పని చెడుతుంది. అది గుర్తుండాలి, ఊరికీ గుర్తుండాలి. కొరియా డేరాలో సూది చేసిన పని ఇక్కడ రక్తం చేసింది.

మందే పెట్టి ఉంటే దాని పట్టు అంత త్వరగా వదలకూడదు. తిరిగొచ్చిన యువకుల మీద సర్వే చేసిన ఆర్థికశాస్త్రవేత్త క్రిస్టఫర్ బ్లాట్‌మన్ 2009లో ప్రచురించిన ఫలితం చాలామందిని ఆశ్చర్యపరిచింది: ఎత్తుకుపోబడి వచ్చినవాళ్లు, అలా పోనివాళ్ల కన్నా ఎక్కువగా ఓటు వేస్తున్నారు, ఊరి పనుల్లో ముందుంటున్నారు. వాళ్ల కోసం అక్కడి అచోలీ తెగ పెద్దలు ఒక ఆచారాన్ని వాడారు. ఇంటి వాకిట్లో గుడ్డు పెడతారు, పక్కన ఒక చెట్టు రెమ్మ, గాదె తెరిచే కర్ర ఉంచుతారు. వచ్చిన పిల్ల గుడ్డు మీద అడుగేసి పగలగొట్టి, లోపలికి నడుస్తుంది.

హేగ్‌లో ఒక ప్రశ్న

ఆ గుడ్డు దగ్గరకి రాని పిల్లవాడొకడు ఉన్నాడు. డొమినిక్ ఆంగ్వెన్‌ని సుమారు తొమ్మిదేళ్ల వయసులో, బడికెళ్తుండగా ఎత్తుకెళ్లారు. అడవిలోనే పెరిగి, కోనీ సేనలోని సీనియా బ్రిగేడ్‌కి సేనాని అయ్యాడు. 2015 జనవరిలో లొంగిపోయాక హేగ్‌లోని అంతర్జాతీయ నేర న్యాయస్థానం ముందు నిలబడ్డాడు. బెదిరింపు కింద చేశాడని, మానసిక రోగమని అతని న్యాయవాదులు వాదించారు. న్యాయమూర్తులు ఒప్పుకోలేదు. అతను ప్రణాళికలు వేశాడు, ఆజ్ఞలిచ్చాడు, పారిపోయే అవకాశాలు వదులుకున్నాడు అన్నారు. 2021 ఫిబ్రవరిలో 61 అభియోగాల మీద దోషిగా తేల్చి, మేలో 25 ఏళ్ల శిక్ష వేశారు. శిక్ష అంతకన్నా పెరగకపోవడానికి ఆ తొమ్మిదేళ్ల పిల్లవాడు పడ్డ కష్టమే కారణమని తీర్పులోనే రాశారు.

బ్రెయిన్‌వాష్ కథకి ఈ తీర్పు అందదు. ఆ కథలో మనిషి పూర్తిగా తోలుబొమ్మ, లేదా పూర్తిగా ద్రోహి. ఆంగ్వెన్ బందీ అయ్యాడు, తర్వాత బందీలని పట్టాడు; రెండూ నిజమేనని చెప్పడానికి కోర్టుకి ఏళ్ల తరబడి సాక్ష్యం కావలసి వచ్చింది. 2023 డిసెంబరులో అతన్ని శిక్ష గడపడానికి నార్వేకి పంపారు. రెండు నెలల తర్వాత కోర్టు దాదాపు 50,000 మంది బాధితులకి పరిహారం ప్రకటించింది. ఆ జాబితాలో అతని దళం ఎత్తుకెళ్లి తుపాకీ పట్టించిన పిల్లలు ఉన్నారు. 1980లలో బడి దారిలో దొరికిన పిల్లవాడికి ఆ జాబితాలో చోటు లేదు.