అరుదైన కణితికి మందు: నలభై ఏళ్ల చందాల చరిత్ర

1882లో జర్మన్ వైద్యుడు ఫ్రెడ్రిక్ ఫాన్ రెక్లింగ్‌హౌసెన్ ఒక విచిత్రమైన జబ్బును వివరించాడు. రోగి ఒంటినిండా లేచిన కణుతులు నరాల పొరల్లోంచి పుట్టుకొస్తున్నాయని ఆయన గుర్తించాడు. ఆ తర్వాత చాలాకాలం ఆ జబ్బు ఆయన పేరుతోనే చెలామణి అయింది. చికిత్స మాత్రం కత్తి దగ్గరే ఆగిపోయింది.

ఇప్పుడు న్యూరోఫైబ్రోమటోసిస్ అంటున్నది ఈ జబ్బునే. దీని మొదటి రకం సుమారు 3,000 మందిలో ఒకరికి వస్తుంది. పసితనంలో చర్మం మీద పాలు కలిపిన కాఫీ రంగు మచ్చలు కనిపిస్తాయి, వయసుతోపాటు నరాల వెంబడి కణుతులు పెరుగుతాయి. కొందరు పిల్లల్లో కణితి నరాల గుత్తుల్లోకి అల్లుకుపోయి శ్వాసనాళాన్నో వెన్నుపామునో నొక్కేస్తుంది. కోసి తీయబోతే నరమే తెగుతుంది. రోగుల్లో దాదాపు సగం మందికి ఇది తల్లి నుంచో తండ్రి నుంచో వస్తుంది. మిగతా సగం మంది ఇళ్లలో అంతకుముందు ఎవరికీ ఉండదు.

రోగులు తక్కువైతే అమ్మకాలూ తక్కువే కాబట్టి మందుల కంపెనీలు ఇటు తొంగిచూడలేదు. 1978లో న్యూయార్క్‌లో ఒక నర్సు, ఒక నరాల వైద్యుడు, ఒక న్యాయవాది కలిసి నేషనల్ న్యూరోఫైబ్రోమటోసిస్ ఫౌండేషన్‌ను పెట్టారు. ఇప్పటి చిల్డ్రన్స్ ట్యూమర్ ఫౌండేషన్ అదే. 1985 నుంచి ఆ సంస్థ యువ శాస్త్రవేత్తలకు చిన్న గ్రాంట్లు ఇవ్వసాగింది. ప్రభుత్వ నిధులు అడగాలంటే చేతిలో తొలి ఫలితాలుండాలి, ఆ ఫలితాలు రావాలంటే ముందు ఎవరో ఒకరు డబ్బు పెట్టాలి. ఆ మొదటి మెట్టు ఖర్చును చందాలు భరించాయి.

1990లో మిషిగన్‌లో ఫ్రాన్సిస్ కాలిన్స్ బృందం, యూటాలో రేమండ్ వైట్ బృందం 17వ క్రోమోజోముపై ఉన్న జన్యువును పట్టుకున్నాయి. కణం అదుపు తప్పి పెరగకుండా రాస్ అనే ప్రోటీన్‌కు బ్రేకు వేసేది ఈ జన్యువే. జన్యువు చెడితే బ్రేకు పోతుంది. మందు ఎక్కడ పనిచేయాలో అప్పుడు తెలిసొచ్చింది.

తర్వాత పెద్ద డబ్బు వచ్చింది ఎవరూ ఊహించని చోటు నుంచి: అమెరికా రక్షణ శాఖ.

1990ల మొదట్లో అమెరికాలో పౌర అవసరాల ఖర్చుకు బడ్జెట్ పరిమితులుండేవి. అందుకే రొమ్ము క్యాన్సర్ ఉద్యమకారుల ఒత్తిడితో కాంగ్రెస్ సైన్యం పద్దులోంచి పరిశోధనకు నిధులిచ్చింది. ఆ తలుపు తెరుచుకోవడం చూసిన న్యూరోఫైబ్రోమటోసిస్ కుటుంబాలు తమ ప్రతినిధుల చుట్టూ తిరిగాయి. 1996లో వాళ్ల జబ్బుకూ 80 లక్షల డాలర్లతో ఒక కార్యక్రమం మొదలైంది. ఇందులో మెచ్చుకోవలసిన పద్ధతి ఒకటుంది. ప్రతిపాదనలను తూచే బల్ల దగ్గర శాస్త్రవేత్తల పక్కనే రోగులూ తల్లిదండ్రులూ కూర్చుని మార్కులేస్తారు. బిడ్డ బాధను ఇరవై నాలుగు గంటలూ చూసే అమ్మ మాటకు అక్కడ ఓటు విలువ ఉంది. ఈ నిధులతోనే 2006లో ఆసుపత్రులను కలిపి ఔషధ పరీక్షలు నడిపే కూటమి కూడా ఏర్పడింది.

మందు దొరికిన తీరు కూడా గమనించదగ్గదే. కొలరాడోలోని అర్రే బయోఫార్మా సెల్యుమెటినిబ్‌ను కనిపెట్టింది క్యాన్సర్ కోసం. ఊపిరితిత్తుల క్యాన్సర్‌పై జరిపిన పెద్ద పరీక్షలో అది నెగ్గలేదు. అయితే అది పనిచేసేది రాస్ దారిలోనే. అందుకే నేషనల్ క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్‌లో బ్రిగిట్ వైడెమన్ బృందం అంతకుముందే దాన్ని ఈ పిల్లలకు ఇవ్వడం మొదలుపెట్టింది. 2016లో వెలువడిన తొలి ఫలితాల్లో 24 మందిలో 17 మందికి కణితి కనీసం అయిదో వంతు తగ్గింది. తర్వాత 50 మంది పిల్లలపై జరిగిన పరీక్ష ఆధారంగా 2020 ఏప్రిల్‌లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ అనుమతి ఇచ్చింది. ఈ జబ్బుకు అనుమతి పొందిన మొట్టమొదటి మందు అదే. 2025 ఫిబ్రవరిలో మిర్డామెటినిబ్ పెద్దలకు కూడా అందింది. క్యాన్సర్ మందుగా ఫైజర్ పక్కన పెట్టేసిన దాన్ని ఈ జబ్బుపై మొదట పరీక్షించింది సైనిక నిధులతో నడిచిన ఆ కూటమే.

మన దేశం 2021లో అరుదైన వ్యాధుల జాతీయ విధానాన్ని ప్రకటించింది. హైదరాబాద్‌లో సీడీఎఫ్‌డీ పరిశోధన సంస్థకు, నిమ్స్ ఆసుపత్రికి కలిపి ఒక విశిష్ట కేంద్రం హోదా ఇచ్చింది. విధానం కింద గుర్తించిన వ్యాధులకు రోగి చికిత్సకు 50 లక్షల రూపాయల దాకా సాయం ఉంది, చందాల సేకరణకు ప్రభుత్వ పోర్టల్ కూడా ఉంది. ఈ సాయం ఇప్పటికే తయారైన మందు కొనడానికి పనికొస్తుంది. కొత్త మందు పుట్టాలంటే న్యూయార్క్ ఫౌండేషన్ 1985లో ఇచ్చినటువంటి చిన్న గ్రాంట్లు ఇక్కడి యువ పరిశోధకులకూ అందాలి. వాటిని ఎవరికివ్వాలో తేల్చే బల్ల దగ్గర రోగుల కుటుంబాలకూ కుర్చీ వేయాలి.