మెషీన్ రాస్తోందనుకున్నారు: వాయిస్‌మెయిల్ టెక్స్ట్‌గా మారిన కథ

ఈ ఎపిసోడ్ మన దగ్గర దాదాపు ఎవరూ వాడని ఒక వస్తువు గురించి. వాయిస్‌మెయిల్. మనం ఫోన్ చేస్తే అవతలివాళ్ళు ఎత్తలేదనుకోండి, మళ్ళీ చేస్తాం. లేదంటే మన నంబర్ పడింది కదా, వాళ్ళే చేస్తార్లే అని ఊరుకుంటాం. "బీప్ తర్వాత మాట్లాడండి" అంటే ఎవరితో మాట్లాడాలి, గోడతోనా అని కట్ చేసేస్తాం. కానీ అమెరికాలో, బ్రిటన్‌లో ఆఫీసు పనులు ఏళ్ళ తరబడి ఈ బీప్ మీదే నడిచాయి. డాలస్‌లో ఉండే గోర్డన్ మాథ్యూస్ అనే ఇంజినీర్ 1979లో దీనికి పేటెంట్ దరఖాస్తు పెట్టాడు, 1983లో అది వచ్చింది. ఆయన కంపెనీ వీఎంఎక్స్ అమ్మిన పెట్టెలు పెద్ద పెద్ద ఆఫీసుల్లోకి వెళ్ళాయి.

వాడినవాళ్ళకి దీంతో ఒక తలనొప్పి ఉండేది. వినడానికి టైమ్ పడుతుంది. పది మెసేజ్‌లుంటే పదీ వరసగా వినాలి. ఎనిమిదో మెసేజ్ చివర్లో ఎవరో గబగబా ఫోన్ నంబర్ చెప్తారు, పెన్ను దొరికేలోపు అయిపోతుంది, మళ్ళీ మొదటినుంచి. మీటింగ్‌లో కూర్చుని వినలేం. అదే మెసేజ్ అక్షరాల్లో వస్తే రెండు సెకన్లలో కంటితో చూసి పక్కన పెట్టొచ్చు.

ఈ తలనొప్పి మీద పుట్టిన కంపెనీల్లో బాగా పేరు వచ్చింది స్పిన్‌వాక్స్‌కి. 2003లో క్రిస్టినా డొమెక్, డేనియల్ డౌల్టన్ అనే ఇద్దరు బ్రిటన్‌లో మొదలుపెట్టారు. వాడటం చాలా తేలిక. మీరు ఎత్తని కాల్స్ స్పిన్‌వాక్స్ నంబర్‌కి మళ్ళేలా పెట్టుకుంటారు. అవతలివాళ్ళు మెసేజ్ చెప్తారు. కాసేపటికి అదే మాట మీకు ఎస్ఎంఎస్‌గానో ఈమెయిల్‌గానో వస్తుంది. చదివినవాళ్ళు ఆశ్చర్యపోయేవాళ్ళు. యాసలున్నా, వెనక ట్రాఫిక్ మోగుతున్నా, టెక్స్ట్ చాలావరకు సరిగ్గానే వచ్చేది.

ఇక్కడ కొంచెం ఇంజినీరింగ్ మాట్లాడుకోవాలి. మామూలు ఫోన్ లైన్ మన గొంతు మొత్తాన్ని మోసుకెళ్ళదు. సుమారు 300 నుంచి 3400 హెర్ట్జ్ వరకు ఉండే ముక్కనే పంపుతుంది, సెకనుకి 8000 శాంపిల్స్. "ఎస్", "ఎఫ్" లాంటి శబ్దాల బలం చాలావరకు దానికి పైనే ఉంటుంది. అందుకే ఫోన్‌లో స్పెల్లింగ్ చెప్పేటప్పుడు "ఎఫ్ ఫర్ ఫాదర్" అంటూ ఉంటాం. పైగా వాయిస్‌మెయిల్‌లో ముఖ్యమైనవి ఏంటి? పేర్లు, వీధులు, నంబర్లు. వీటిని ముందు వెనక మాటల్ని బట్టి ఊహించడం కుదరదు. 2000ల మధ్యలో ఉన్న స్పీచ్ రికగ్నిషన్‌తో, ఎవరి గొంతో ముందు తెలియకుండా ఇదంతా శుభ్రంగా రాయడం చాలా చాలా కష్టం. అంటే టెక్స్ట్ అంత బాగా ఉండటమే అసలు క్లూ. అప్పట్లో ఎక్కువమంది దాన్ని క్లూగా చూడలేదు, గొప్పతనంగా చూశారు.

2009 జులైలో బీబీసీ విలేకరి రోరీ కెల్లన్-జోన్స్ ఈ కథని బయటపెట్టాడు. ఎక్కువ మెసేజ్‌లని దక్షిణాఫ్రికా, ఫిలిప్పీన్స్ లాంటి చోట్ల కాల్ సెంటర్లలో మనుషులు విని టైప్ చేస్తున్నారని. ఈజిప్ట్‌లో ఒక కాల్ సెంటర్ ఉద్యోగులు ఫేస్‌బుక్‌లో పెట్టుకున్న గ్రూప్ కూడా ఆ వార్తలోకి వచ్చింది. బ్రిటన్‌లో డేటా రక్షణ చూసే ఆఫీసు దగ్గర కంపెనీ చేసుకున్న రిజిస్ట్రేషన్‌లో మాత్రం, వ్యక్తిగత సమాచారం యూరప్ ఆర్థిక ప్రాంతం దాటి పోదని ఉంది.

కంపెనీ ఆరోపణల్ని ఒప్పుకోలేదు. మా సిస్టమ్ నేర్చుకోవడానికే మనుషులున్నారు, దానికి అర్థం కానివే వాళ్ళ దగ్గరికి వెళ్తాయి, అవి కూడా ఎవరివో తెలియకుండా చేశాకే అంది. ఎన్ని మెసేజ్‌లు మెషీన్ రాస్తోంది, ఎన్ని మనుషులు రాస్తున్నారు అన్న లెక్క మాత్రం వ్యాపార రహస్యం అంది.

"ఎవరివో తెలియకుండా" అన్న మాట దగ్గర నేను ఆగిపోయాను. డేటాబేస్‌లో పేరు కాలమ్, నంబర్ కాలమ్ తీసేస్తే అనామకం అయిపోయిందని మా ఫీల్డ్‌లో చాలామంది అనుకుంటారు. నేనూ అనుకున్నవాడినే. కానీ వాయిస్‌మెయిల్ అంటేనే ఏంటండీ? "హలో ఫలానా, నేను ఫలానా, నీ టెస్ట్ రిపోర్ట్ వచ్చింది, ఈ నంబర్‌కి చెయ్యి." మొత్తం కాలమ్స్ అన్నీ నోటితోనే చెప్పేస్తున్నారు. లేబుల్ పీకేసి సీసా చేతికిచ్చినట్టు, లోపల ఉన్నది మారలేదు కదా.

రెండోది డబ్బు. ఆ లెక్క ఎందుకు రహస్యం? మనిషి టైప్ చేసే ప్రతి మెసేజ్‌కీ కూలి ఇవ్వాలి. కస్టమర్లు పెరిగేకొద్దీ ఖర్చూ పెరుగుతుంది. మెషీన్ రాస్తే మాత్రం వెయ్యో మెసేజ్‌కైనా లక్షో మెసేజ్‌కైనా పెద్ద తేడా ఉండదు. అంటే ఆ ఒక్క శాతం తెలిస్తే ఇది సాఫ్ట్‌వేర్ కంపెనీనా, టైపింగ్ కంపెనీనా అన్నది తేలిపోతుంది. పెట్టుబడి పెట్టినవాళ్ళు దీన్ని సాఫ్ట్‌వేర్ కంపెనీ అనుకునే 20 కోట్ల డాలర్లకు పైగా పెట్టారని అప్పటి పత్రికలు రాశాయి. 2009 డిసెంబర్ చివర్లో న్యూయాన్స్ అనే కంపెనీ స్పిన్‌వాక్స్‌ని కొనేసింది. ధర 10.25 కోట్ల డాలర్లు.

నాకు తమాషాగా అనిపించేది వేరే. అదే 2009 మార్చిలో గూగుల్ వాయిస్ వచ్చింది. 2007లో కొన్న గ్రాండ్‌సెంట్రల్ అనే సర్వీస్‌కి కొత్త రూపం. దాంట్లో వాయిస్‌మెయిల్‌ని నిజంగానే మెషీన్ రాసేది, అందుకే ఘోరంగా రాసేది. తనకి నమ్మకం లేని మాటల్ని లేత బూడిద రంగులో చూపించేది, పాపం. జనం ఆ తప్పులు స్నేహితులకి పంపుకుని నవ్వుకున్నారు. నిజం చెప్పిన మెషీన్‌ని చూసి నవ్వారు, మనుషుల్ని దాచిన మెషీన్‌ని మెచ్చుకున్నారు.

ఆ నవ్వుల్లో మనవాళ్ళూ ఉన్నారు. డాలస్‌లో ఉండే మా అక్కకి ఇక్కడి నుంచి అమ్మ తెలుగులో మెసేజ్ పెడితే, ఆమె ఫోన్ దాన్ని ఇంగ్లిష్‌లో చూపించేది. కారు, బ్యాంకు, ఎవరో పాట్రిక్. ఇంగ్లిష్ మాటలు మాత్రమే తెలిసిన సిస్టమ్‌కి ఏ శబ్దం ఇచ్చినా దగ్గరలో ఉన్న ఇంగ్లిష్ మాటనే వెతుకుతుంది. "నాకు ఈ భాష రాదు" అని చెప్పడం దానికి ఎవరూ నేర్పలేదు.

గూగుల్ తర్వాత బాగుపడింది. గొంతుల డేటా పోగేసింది. దానికి ముందే 2007లో గూగ్-411 అని ఫ్రీగా షాపుల నంబర్లు చెప్పే ఫోన్ సర్వీస్ పెట్టి, అడిగేవాళ్ళ గొంతులతో తన సిస్టమ్‌కి నేర్పించుకుంది, 2010లో మూసేసింది. 2015లో కొత్త న్యూరల్ నెట్‌వర్క్ పెట్టి వాయిస్‌మెయిల్ తప్పులు 49 శాతం తగ్గాయని ప్రకటించింది. దానికి ముందు మీ మెసేజ్‌లు మాతో పంచుకుంటారా అని వాడేవాళ్ళని అడిగింది. అడగడం అన్నది చిన్న విషయం కాదండి. స్పిన్‌వాక్స్ గొడవంతా అక్కడే ఉంది.

విని టైప్ చేసే పని మన ఊళ్ళకి కొత్తది కాదు. 1990ల చివర, 2000ల మొదట్లో మెడికల్ ట్రాన్స్‌క్రిప్షన్ కోర్సు బోర్డులు హైదరాబాద్‌లో ఎన్ని ఉండేవో చూసినవాళ్ళకి గుర్తుండే ఉంటుంది. అమెరికా డాక్టర్ సాయంత్రం డిక్టేట్ చేస్తే, వాళ్ళ రాత్రి మన పగలు కాబట్టి, అక్కడ తెల్లారేసరికి ఇక్కడి అమ్మాయిలు, అబ్బాయిలు హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, కాలితో పెడల్ తొక్కుతూ టైప్ చేసి పంపేవాళ్ళు. కానీ అది మనుషులే చేస్తున్నారని ఆ ఆస్పత్రులకి తెలుసు. ఆ ఉద్యోగానికి ఒక పేరుంది, విజిటింగ్ కార్డు మీద వేసుకోవచ్చు. స్పిన్‌వాక్స్‌కి టైప్ చేసినవాళ్ళకి ఆ పేరు కూడా దక్కలేదు. వాళ్ళ పనంతా మెషీన్ ఖాతాలో పడింది.

ఇది 2009తో అయిపోలేదు. 2019 ఏప్రిల్‌లో బ్లూమ్‌బర్గ్ ఒక వార్త రాసింది. అమెజాన్ అలెక్సాతో ఇళ్ళల్లో మాట్లాడిన మాటల్లో కొన్నింటిని ఉద్యోగులు విని రాస్తున్నారని. వాళ్ళు పనిచేసే చోట్లలో బోస్టన్, కోస్టా రికా, రొమేనియాతో పాటు ఇండియా కూడా ఉంది. ఆ వేసవిలోనే సిరి గురించి అలాంటి వార్త వచ్చింది. యాపిల్ ఆగస్టులో క్షమాపణ చెప్పి, ఇకపై ఒప్పుకున్నవాళ్ళ ఆడియోనే వింటామంది.

వచ్చే ఎపిసోడ్ ఆ మెడికల్ ట్రాన్స్‌క్రిప్షన్ రోజుల మీదే చేద్దామనుకుంటున్నాను. మీలో గానీ మీ ఇంట్లో గానీ ఆ హెడ్‌ఫోన్స్ పెట్టుకున్నవాళ్ళు ఉంటే నాకు రాయండి. డాక్టర్ల పేర్లు, పేషెంట్ల పేర్లు మాత్రం వద్దు.