పండుటాకుల పద్దు

అమెరికా సోషల్ సెక్యూరిటీ "దివాలా తీయబోతోంది" అన్న మాట దశాబ్దాలుగా వినబడుతూనే ఉంది. దాని చరిత్ర చదివిన కొద్దీ నాకు తోచిందేమంటే, ఈ చిక్కు మూలం జనసంఖ్యలో ఉంది. దాన్ని ముదరబెట్టింది మాత్రం ఆఖరి ఘడియ దాకా నాన్చే రాజకీయం.

మహా మాంద్యపు రోజుల్లో, 1935 ఆగస్టు 14న రూజ్‌వెల్ట్ ఈ చట్టంపై సంతకం చేశారు. 1940 జనవరిలో తొలి నెలసరి చెక్కు అందుకున్నది వెర్మాంట్‌ వాసి ఐడా మే ఫుల్లర్. మూడేళ్ళలో ఆవిడ కట్టిన పన్ను 24.75 డాలర్లు, తొలి చెక్కు 22.54 డాలర్లు. నూరేళ్ళు బ్రతికి 1975లో కన్నుమూసేసరికి ఆవిడకు ముట్టింది 22,888.92 డాలర్లు! అది ఆవిడ దాచుకున్న సొమ్ము కాదు. నాటి ఉద్యోగుల జీతాలలోంచి వచ్చినది. ఈ ఏర్పాటుకు బలమూ, బలహీనతా అదే. 1950లో ఒక్కో పింఛనుదారు వెనుక 16 మందికి పైగా పన్ను కట్టేవారుండగా, 1960 నాటికి ఐదుగురు మిగిలారు. నేడు ముగ్గురు కూడా లేరు.

వైకల్యంవల్ల పనిచేయలేనివారికి 1956లో భృతి చేర్చారు. 1983లో ఖజానా కొద్ది నెలల్లో అడుగంటుతుందనగా ఇరుపక్షాలూ రాజీపడి, పూర్తి పింఛను వయసును క్రమంగా 65 నుంచి 67కు పెంచాయి. 2015లో వైకల్య నిధి ఎండిపోవచ్చినప్పుడు వృద్ధాప్య నిధికి చేరవలసిన పన్నులో కొంత అటు మళ్ళించారు. విచిత్రమేమంటే, 2025 నివేదిక ప్రకారం వైకల్య నిధి కుదుటపడింది. వృద్ధాప్య నిధి 2033లో ఖాళీ అవుతుంది. ఆపైన వచ్చే పన్నులతో నూటికి 77 వంతులే ఇవ్వగలరు.

ఈ పద్దులో మనవాళ్ళ చెమటా ఉంది. అక్కడి తెలుగు ఉద్యోగుల జీతంలోనూ నూటికి 6.2 వంతులు దీనికే పోతాయి. యజమానీ అంతే కడతాడు. పింఛనుకు సాధారణంగా పదేళ్ళ సర్వీసు కావాలి. భారత్-అమెరికాల మధ్య ఈ విషయమై ఒప్పందం కుదరలేదు గనుక, ఏడెనిమిదేళ్ళు పనిచేసి తిరిగివచ్చినవారికి పింఛను లేదు.

పన్ను కాస్త పెంచడమో, పన్ను పడే జీతపు పరిమితి ఎత్తివేయడమో, భృతి తగ్గించడమో, మార్గాలు అందరికీ తెలిసినవే. ముందుగా మొదలుపెడితే భారం పలువురి మీద పలచగా పడుతుంది. జాగు చేస్తే, వేరే ఆధారంలేని ముసలివారి నెలసరి చెక్కులోనే కోత పడుతుంది.