మెడ వెన్నెముక శస్త్రచికిత్స – మింగుడు ఇబ్బంది: ముందస్తు అంచనాల చారిత్రక పరిశీలన

1. ఉపోద్ఘాతం:

మెడ ముందు వైపు నుంచి వెన్నెముకకు శస్త్రచికిత్స జరిగిన తర్వాత చాలామంది రోగులు ముద్ద గొంతు దిగడం లేదని చెబుతారు. ఈ ఇబ్బంది ఎవరికి కలుగుతుందో ముందే చెప్పగలమా అన్న ప్రశ్న ఎలా రూపుదిద్దుకున్నదో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. ఇబ్బందిని ఎవరు, ఏ కొలమానంతో నమోదు చేశారన్న దానిపైనే అంచనా విలువ ఆధారపడి ఉన్నదని ప్రతిపాదిస్తుంది.

2. ముందు మార్గం:

1955లో జాన్స్ హాప్కిన్స్‌కు చెందిన రాబర్ట్ రాబిన్సన్, జార్జ్ స్మిత్ మెడ ముందు భాగం నుంచి డిస్కును తొలగించి, ఆ ఖాళీలో ఎముక ముక్కను అమర్చే పద్ధతిని ప్రకటించారు. 1958లో హొనొలులుకు చెందిన రాల్ఫ్ క్లోవర్డ్ మరొక విధానాన్ని వివరించారు. వెన్నుపామును కదిలించకుండా డిస్కును చేరగలగడం ఈ మార్గంలోని సౌలభ్యం. అయితే వెన్నుపూసల ముందే అన్నవాహిక ఉన్నది. దానిని ఒక పక్కకు జరిపి పట్టుకోనిదే శస్త్రచికిత్స సాగదు. ఆ ఒత్తిడి, తదనంతర వాపు, నరాలకు తగిలే దెబ్బ మింగుడును దెబ్బతీస్తాయి.

3. లెక్కకు వచ్చిన ఇబ్బంది:

2002లో బజాజ్, లీ, యూ 249 మంది రోగులను శస్త్రచికిత్స నాటి నుంచి అనుసరించారు. నెల తర్వాత 50.2 శాతం మందిలో, ఆరు నెలలకు 17.8 శాతం మందిలో, ఏడాదికి 12.5 శాతం మందిలో ఈ ఇబ్బంది కనిపించింది. 2007 నాటి అధ్యయనం 310 మందిని రెండేళ్లు పరిశీలించింది. రెండేళ్ల తర్వాత కూడా 13.6 శాతం మంది బాధపడుతూనే ఉన్నారు. స్త్రీలు, మళ్లీ శస్త్రచికిత్స అవసరమైనవారు, పెక్కు స్థానాల్లో శస్త్రచికిత్స జరిగినవారు ఎక్కువ ముప్పులో ఉన్నట్లు తేలింది. తర్వాతి పరిశోధనలన్నీ ఈ అంశాలపై ఏకీభవించలేదు.

4. కొలమానం – ఆహారం:

ఈ భేదానికి ఒక కారణం నమోదులోనే ఉన్నది. 2004లో ఎడ్వర్డ్స్ బృందం రోగుల జవాబులను వైద్యుల పత్రాలతో పోల్చి, పెక్కు ఇబ్బందులు పత్రాలకు ఎక్కనే లేదని చూపింది. నమోదు కానిదాన్ని ఏ గణిత నమూనా కూడా ముందుగా ఊహించలేదు. బజాజ్ కొలమానం కూడా ఆహార సంస్కృతికి అతీతం కాదు. రొట్టె, మాంసఖండం వంటివి అప్పుడప్పుడు గొంతులో అడ్డుపడితే అది 'మధ్యస్థ' స్థాయి. పప్పన్నం, పెరుగన్నం ప్రధానంగా తినే తెలుగు రోగిని ఇదే ప్రశ్న యథాతథంగా అడిగితే, ఉన్న ఇబ్బంది బయటపడకపోవచ్చు.

5. ముగింపు:

అంచనా వేసే సూత్రాలు ఎంత సూక్ష్మమైనా, వాటికి మూలాధారం రోగి మాటే. కాబట్టి శస్త్రచికిత్సకు ముందే మింగుడు స్థితిని నమోదు చేయడం, రోగి తినే ఆహారం పేరుతోనే ప్రశ్న అడగడం తొలి మెట్టు కావాలి. అనుమతి పత్రంపై సంతకం చేసే వ్యక్తికి రేపటి భోజనం గురించి నిజాయితీగా చెప్పగలగడమే ఈ పరిశోధనల ప్రయోజనం.