వేలికి 42 రూపాయలు

బెంగళూరులో ఒక మిల్లులో మా ముత్తాతకు ఎడమచేతి చిటికెన వేలు పోయింది. అప్పటికి పరిహార చట్టం రాలేదు. యజమాని ఏదో కొంత దుడ్డు ఇచ్చినాడంట. "దయగల మనిషి" అని మా అవ్వ చివరిదాకా చెప్తా ఉండేది.

ఆ రోజుల్లో కార్మికుడు కోర్టుకెక్కితే యజమానిదే తప్పని రుజువు చేసుకోవాలి. చేతిలో కూలి డబ్బులే ఉన్నవాడు ఎట్లా చేస్తాడు? 1923లో బ్రిటిష్ ఇండియా కార్మికుల పరిహార చట్టం చేసింది. 1924 జులై 1 నుంచి అది అమలైంది. పని వల్ల, పనిలో ఉండగా ప్రమాదం జరిగితే చాలు, తప్పెవరిదని నిరూపించక్కర్లేదు. చావుకు 30 నెలల జీతం, 2,500 రూపాయలకు మించకుండా. పూర్తిగా పనికి రాకుండా పోతే 42 నెలలది, 3,500కు మించకుండా. కుడిచెయ్యి మోచేతి దగ్గర పోతే అందులో 70 శాతం, ఎడమదైతే 60. చిటికెన వేలికి 5. నెలకు 20 రూపాయల జీతగాడికి ఆ వేలు 42 రూపాయలు.

చనిపోయినవాడి దుడ్డు మాత్రం యజమాని నేరుగా ఇంటికి ఇయ్యకూడదు, కమిషనర్ దగ్గర కట్టాలి. విధవరాలిని మోసం చెయ్యకుండా పెట్టిన నియమమది.

ఈ చట్టం మైసూరు సంస్థానానికి దానంతట అదే వర్తించదు. కోలారు గనుల్లో, బెంగళూరు మిల్లుల్లో ఉన్న మనవాళ్లకు మైసూరు తన చట్టం తానే చెయ్యాల్సిందే.

42 రూపాయలు తక్కువే. కానీ దానికి దండం పెట్టే పని లేదు. మా అవ్వకు ఈ మాట చెప్పి ఉండాల్సింది.